చెరువు గట్టు మీద హెడ్మాస్టరు గారి గొంతు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, జూన్‌లో బడులు తెరిచిన రోజున, మండవల్లి దగ్గర కొల్లేరు అంచున ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరాను. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు భౌతికశాస్త్రం. మాది తాడేపల్లిగూడెం. రైల్లో ఏలూరు, అక్కడి నుంచి బస్సు. బడికి చేరేసరికి సగం ఓపిక అయిపోయేది. చేరిన రోజే టింకరింగ్ ల్యాబ్‌కు కూడా నన్నే ఇన్‌చార్జిని చేశారు. పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసి చూసుకోవడానికి ఇచ్చిన గది అది. సెన్సార్లు, మోటార్లు, వాటిని నడిపే చిన్న సర్క్యూట్ బోర్డులు, ఒక త్రీడీ ప్రింటరు అందులో ఉంటాయి.

మా బడిలోనూ అవన్నీ ఉన్నాయి, అట్టపెట్టెల్లో. ప్రారంభోత్సవం నాడు ప్రింటరుకు పెట్టిన పసుపు, కుంకుమ కూడా చెక్కుచెదరలేదు. హెడ్మాస్టరు విశ్వనాథం గారు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగేవారు. పిల్లల చేతికిస్తే పాడైపోతాయని ఆయన భయం. పాడు చేయకుండా ఎవరూ ఏమీ నేర్చుకోరని నా వాదన. ఆయన మంచివారే, కాని మెత్తగా మాట్లాడితే బడి నడవదని గట్టి నమ్మకం. ఆయన గొంతెత్తితే రోడ్డు మీద బస్సు ఆగుతుందని ఊళ్లో చెప్పుకునేవారు. ప్రాణం విసిగేదాకా పోరు పెట్టి తాళంచెవి సంపాదించాను.

తొమ్మిదో తరగతి సలోమి రోజూ ఆలస్యంగా వచ్చేది. వాళ్ల నాన్న దానియేలు చిన్న చెరువొకటి కౌలుకు తీసుకుని చేపపిల్లల్ని పెంచుతున్నాడు. పొద్దునా సాయంత్రమూ నీటికాకులు గుంపుగా దిగి వాటిని మింగేస్తాయి. పక్కనే పక్షుల అభయారణ్యం, టపాకాయలు కాల్చడానికి వీల్లేదు. పొద్దుటి పూట దానియేలు పెద్ద చెరువుల్లో మేత వేసే కూలికి పోతాడు కాబట్టి, రేకు డబ్బా వాయిస్తూ కూతురే గట్టు మీద ఉండాలి. మొదటి రెండు పీరియడ్లు, అంటే లెక్కలు, నా సైన్సు, నీటికాకుల పాలయ్యేవి. ఇలాగైతే వచ్చే ఏడు బడి మాన్పించక తప్పదని దానియేలు నాతో అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు చాలా దిగులేసింది.

దాంతో సలోమికి ల్యాబ్‌లో ఒకటే పని చెప్పాను: నీ బదులు గట్టు మీద నిలబడే యంత్రం చెయ్యమని. ఒంటి వేడి ఉన్నదేదైనా ఎదుట కదిలితే పసిగట్టే సెన్సారును బోర్డుకు కలిపింది. బోర్డు నుంచి, గొంతు రికార్డు చేసి వినిపించే చిన్న పరికరానికీ, అక్కడి నుంచి చర్చి పాస్టరు గారు అరువిచ్చిన మైకు గొట్టానికీ తీగలు లాగింది. మధ్యలో ఒక బోర్డు కాలింది. ఆ వాసనకు విశ్వనాథం గారు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు.

యంత్రం పనిచేసింది, పక్షులే సహకరించలేదు. బజరు మోతకు మెడ తిప్పి చూశాయి. కుక్క అరుపు పెడితే చూడను కూడా చూడలేదు.

అలాంటిది, ఉన్నట్టుండి సలోమి ప్రార్థనకు ముందే బడిలో కనిపించసాగింది. ఏం శబ్దం పెట్టావని అడిగితే, ఏదో దొరికిందని తల దించుకుంది. సంగతి దానియేలు వల్ల బయటపడింది. అతను బడికి వచ్చి, హెడ్మాస్టరు గారి ఎదుట చేతులు కట్టుకుని, తమరి దయవల్ల చెరువు నిలబడిందని చెప్పాడు. ఆయనకేమీ అర్థం కాలేదు. నాకు కొంచెం అర్థమై భయం పట్టుకుంది. ఆ సాయంత్రం ఇద్దరం చెరువు దగ్గరికి వెళ్లాం.

గట్టు మలుపు తిరగ్గానే మైకు గొట్టం గర్జించింది.

“ఇదా రావాల్సిన టైము? ఎవరినడిగి వచ్చావు లోపలికి? నడు బయటికి.”

హెడ్మాస్టరు గారిని హెడ్మాస్టరు గారే గద్దించారు. చెరువులోని నీటికాకులు ఒక్కసారిగా లేచిపోయాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు రోజూ గేటు దగ్గర పడే తిట్లే అవి. సలోమి ఆ పరికరాన్ని పుస్తకాల సంచిలో పెట్టుకుని, తిట్లు తింటూనే రికార్డు చేసింది.

సెన్సారుకు పక్షీ మనిషీ ఒకటే. ఊళ్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు. మేం చూస్తుండగానే సైకిలు మీద వస్తున్న ఒక నడివయసు మనిషి, గర్జన వినగానే దిగిపోయి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. తీరా ఎదురుగా అసలు హెడ్మాస్టరే కనిపించేసరికి, మేత బస్తాల కోసం వెళ్తున్నానని సంజాయిషీ చెప్పుకున్నాడు. నవ్వాపుకోవడానికి నేను చెరువు వైపు తిరిగాను.

అరుపు విని దానియేలూ సలోమీ గట్టు మీదికి పరుగెత్తుకొచ్చారు. విశ్వనాథం గారు దానియేలును, “నేనింత గట్టిగా అరుస్తానా?” అని అడిగారు.

“అరుస్తారండి,” అన్నాడు దానియేలు ఎంతో గౌరవంగా. “మా రోజుల్లో ఇంకా గట్టిగా అరిచేవారండి.”

సలోమి బిక్కచచ్చిపోయింది. ల్యాబ్‌కు మళ్లీ తాళం పడుతుందనుకున్నాను. ఆయన మాత్రం, మధ్యలో దగ్గు పడింది, మళ్లీ రికార్డు చేయాలన్నారు. మర్నాడు ల్యాబ్‌లో కుర్చీ వేయించుకుని, గొంతు సవరించుకుని, ఎదుట లేని నీటికాకుల్ని చెడామడా తిట్టారు. పక్క గదిలో ఏడో తరగతి వాళ్లు లేచి నిలబడ్డారు.

కొన్నాళ్లకు సలోమి మళ్లీ ఆలస్యంగా రావడం మొదలైంది. కొత్త తిట్లు మొదటివాటికంటే స్పష్టంగానే ఉన్నాయి, కాని నీటికాకులు ఆ గొట్టం మీదే వాలి రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయట. విశ్వనాథం గారు ఆమెను ల్యాబ్‌కు పిలిపించి, యంత్రంలో ఏం లోపమని అడిగారు.

“యంత్రం బాగానే ఉందండి సార్. రోజూ అరిస్తే అలవాటైపోతుందండి,” అంది. కొంచెం ఆగి, “మాకూ అంతేనండి,” అంది.

ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. అయితే ఇప్పుడేం చేద్దామని, తోటి టీచర్ని అడిగినట్టు అడిగారు. అరుపు ఎప్పుడో ఒకసారే రావాలి, ఎప్పుడొస్తుందో వాటికి తెలియకూడదు అని సలోమి చెప్పి, ఆ ప్రకారమే ప్రోగ్రాం మార్చింది. మిగతా వేళల్లో మోటారుకు కట్టిన మెరుపు రిబ్బను ఊగేటట్టు చేసింది. నీటికాకులు మళ్లీ బెదిరాయి. సలోమి పదో తరగతి మా బడిలోనే పూర్తి చేసింది.

విశ్వనాథం గారు కూడా గేటు దగ్గర అరవడం తగ్గించి, ఎందుకు ఆలస్యమైందని అడగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆయన గొంతెత్తింది చాలా అరుదు. ఎత్తినప్పుడు మాత్రం బడి గడగడలాడింది.

ఒక పద్ధతి పనిచేస్తోందో లేదో చెప్పాల్సింది దాన్ని నడిపేవాళ్లు కాదు, దాని ఎదుట నిలబడేవాళ్లు. నీటికాకుల్ని అడగలేం కాబట్టి గమనించాం. పిల్లల్ని అడగొచ్చు. అప్పటిదాకా అన్నేళ్ల సర్వీసులో మాలో ఎవరమూ అడగలేదు.