కారం గిర్ని మీది ఇల్లు

చిలకలగూడలో రాఘవేందర్ పిండి గిర్ని ఎక్కడ అని అడిగితే ఎవరూ సరిగ్గా దారి చెప్పేవాళ్లు కాదు. "సీదా పో, తుమ్ములొస్తయ్. ఆడ ఆగు" అని నవ్వేవాళ్లు. ఎండాకాలంలో ఆ మాట అక్షరాలా నిజం. శివరాత్రి దాటిందంటే జనం మోండా మార్కెట్‌లో ఏడాదికి సరిపడా మిరపకాయలు కొని, డాబాల మీద గలగలలాడేలా ఎండబెట్టి, సంచులు మోసుకుంటూ అతని షట్టర్ ముందు వరుస కట్టేవాళ్లు.

కింద గిర్ని, పైన ఇల్లు. గిర్ని తండ్రి పెట్టింది. తండ్రి పోయాక రాఘవేందర్ చదువు మధ్యలో వదిలేసి అందులో నిలబడ్డాడు. గోధుమలూ జొన్నలూ ఎవరైనా పడతారు, కారం పట్టడానికి మాత్రం ఓపిక కావాలని అతని నమ్మకం. మిషను వేడెక్కితే కారం నల్లబడుతుంది, ఘాటు చచ్చిపోతుంది. అందుకని ఆపి ఆపి పట్టేవాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని నిలబడితే సాయంత్రానికి కనురెప్పల మీద కూడా ఎర్రటి పొడి పేరుకునేది. ఆ ఘాటు అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటే. అన్నం వాసనలాగే అదీ ఇంటి వాసన.

పెళ్లయిన చాలా కాలానికి పుట్టింది లాస్య. నడక నేర్చేనాటికే దగ్గు పట్టుకుంది. మొదట సర్ది అనుకున్నారు. సందు చివర డాక్టరు సిరప్ రాసిస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. నిద్రలో పిల్ల ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు వినిపించేవి. రాఘవేందర్ తల్లి లచ్చమ్మ మనవరాలి వీపుకు చెవి ఆనించి వినేది. "లోపల ఎవరో పీక ఊదుతున్నట్టే ఉంది బిడ్డా" అనేది కోడలితో. వాము కాచి తాగించింది, దిష్టి తీసింది, కట్టమైసమ్మకు మొక్కింది. చేప మందు వేయించమని ఒకరు, ఊరు మార్చమని ఒకరు చెప్పారు. ప్రతివాళ్ల దగ్గరా ఒక మాట ఉంది. పిల్ల మాత్రం మెట్లెక్కి పైకి వచ్చేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయేది.

లాస్య బడికి పోయే వయసు వచ్చాక, తల్లి కల్పలత పట్టుబట్టి తిరుమలగిరిలో తన అక్కకు తెలిసిన పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టర్ హదస్సా నిదానంగా మాట్లాడే మనిషి. పిల్లతో కాగితం పిల్లనగ్రోవి ఊదించింది, వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది.

"ఇది ఆస్తమా అమ్మా" అంది.

కల్పలత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పేరు ముసలివాళ్లకు సంబంధించిందనే ఆమె అన్నేళ్లూ అనుకుంది.

"ఇంటి చుట్టుపక్కల దుమ్ము గానీ పొగ గానీ ఏమైనా ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

కల్పలతే చెప్పింది, భర్త వైపు చూడకుండా. "కింద మాది గిర్ని మేడం. కారం పడతరు."

డాక్టరమ్మ ఒక్కసారి అతని చేతుల వైపు చూసింది. ఎంత కడిగినా గోళ్ల అంచుల్లో ఎరుపు మిగిలే ఉంటుంది. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని మడుచుకున్నాడు.

డాక్టరమ్మ రెండు పంపులు, మందు పీల్చే ఇన్‌హేలర్లు, ఇచ్చింది. ఒకటి నీలం రంగుది, దమ్ము ఆడనప్పుడు వాడాలి. ఇంకొకటి పిల్ల బాగున్నా బాగోకపోయినా రోజూ వాడాల్సింది. పంపును ఒక ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి, గొట్టం చివరి మాస్కును ముక్కూ నోరూ కప్పేలా పెట్టి మందు ఎలా పీల్పించాలో చూపించింది. రోజూ వాడేదాని తర్వాత నోరు పుక్కిలించాలంది. "బాగుంది కదా అని ఇది ఆపొద్దు. పిల్ల బాగున్నదే దీనివల్ల అని గుర్తుపెట్టుకోండి" అంది. అప్పుడు ఇద్దరూ తలాడించారు.

ఇంటికి వచ్చాక రాఘవేందర్ గిర్నికి, ఇంటికి మధ్య ఉన్న మెట్ల దగ్గర తలుపు పెట్టించాడు. కిటికీలకు ప్లాస్టిక్ పట్టాలు కొట్టించాడు. పైకి రాగానే స్నానం చేసేదాకా ఎవరినీ ముట్టుకునేవాడు కాదు. తండ్రి అడుగుల చప్పుడు వినగానే లాస్య ఉరికొచ్చేది. అతను మెట్ల మీదనే చేతులు అడ్డం పెట్టి అరిచేవాడు.

"ఆగు! దగ్గరికి రాకు! పో లోపలికి!"

మొదట్లో పిల్ల ఏడ్చేది. తర్వాత అలవాటైపోయి, అతను వచ్చే వేళకు తనంతట తనే లోపలి గదిలోకి వెళ్లి కూర్చునేది. ఏడ్చినప్పటికంటే అదే అతనికి ఎక్కువ బాధగా ఉండేది.

అయినా దగ్గు పూర్తిగా పోలేదు. మరుసటి సీజను మొదలవబోతుండగా అతను కారం మిషను అమ్మేశాడు. లచ్చమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు.

"మీ నాయిన పేరు చెప్పేదే ఆ కారం. గదే తీసేస్తే ఇంకేముందిరా గిర్నిల?"

"పిల్ల ఉంటది అమ్మా" అన్నాడు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ బస్తీలో స్థిరపడ్డ అప్పలకొండమ్మ ఏటా మొదటి సంచి తనదే కావాలని పొద్దున్నే వచ్చేది. ఆ ఏడూ వచ్చింది. ఖాళీగా ఉన్న చోటు చూసి సంచి కింద పెట్టేసింది.

"ఏటి బాబూ, కారం ఆడడం మానేసినావేటి? మరి మాకేటి గతి?"

అతను సంగతి చెప్పాడు. ఆమె "పాపకి బాగుంటే సాల్లే నాయనా. మేవు ఇంకెక్కడికైనా ఎల్తాం" అని సంచి ఎత్తుకుంది. ఆ వేసవిలో చాలామంది అలాగే వచ్చి వెళ్లిపోయారు. కొందరు అంత మంచిగా మాట్లాడలేదు.

కానీ ఆ వేసవి అంతా లాస్య దగ్గలేదు. డాబా మీద తొక్కుడుబిళ్ల ఆడింది. మామిడిపండు రసం మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నది. ఒకరోజు సందు ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికి, తిరిగి ఉరికొచ్చి, తండ్రి నడుముకు చుట్టుకుపోయింది. అతని బట్టల మీద గోధుమపిండి తప్ప ఏమీ లేదు. రాఘవేందర్ పిల్లను ఎత్తుకుని అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాడు. రోగం ఏమిటో తెలిసింది, దాన్ని ఇంట్లోంచి బయటకు నెట్టేశాను అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

అందుకే, రోజూ వాడే పంపు అయిపోయినప్పుడు కొత్తది తేలేదు. లచ్చమ్మకు ముందు నుంచీ దాని మీద అనుమానమే. "మంచిగున్న పిల్లకు మందెందుకు? అలవాటైతే జన్మంత ఇడిశిపెట్టదట" అనేది.

"ఒకసారి డాక్టరమ్మను అడుగుదాం" అంది కల్పలత.

"ఏమైతది, మంచిగనే ఉంది కదా" అన్నాడు రాఘవేందర్. ఆమె కూడా గట్టిగా అనలేదు. పిల్ల మూతికి మాస్కు పెట్టకుండా గడిచే పొద్దు ఆమెకూ ముద్దుగానే ఉంది.

ఆషాఢం వచ్చింది. వానలు పడ్డాయి. బడిలో పిల్లలందరికీ సర్ది పట్టుకుంది, లాస్యకు కూడా. అమ్మవారి లష్కర్ బోనాల జాతర జరిగే ఆదివారం పొద్దున ముక్కు కారుతూనే కొత్త పరికిణీ కట్టుకుంది. మధ్యాహ్నానికి అన్నం వద్దంది. కల్పలత దగ్గరకు వెళ్లి చూసేసరికి పిల్ల మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ ఆనించి కూర్చుంది. డొక్కలు ఎగురుతున్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది.

"ఏమైంది బిడ్డా?"

"దమ్ము..." అంది. ఇంకో మాట రాలేదు.

నీలం పంపు అలమరలో ఉంది. రాఘవేందర్ గొట్టానికి తగిలించి మాస్కు పెట్టి నొక్కాడు. చప్పుడు వచ్చింది. ఆగి, మళ్లీ నొక్కాడు. పిల్లలో మార్పు లేదు. మళ్లీ మళ్లీ నొక్కాడు. పంపులో మందు ఎప్పుడో అయిపోయిందనీ, మిగిలింది ఉత్త గాలేననీ తర్వాత దవాఖానాలో చెప్పారు. అప్పుడు అతనికి తెలిసింది ఒక్కటే. తను చేయాల్సింది చేస్తున్నాడు, అది పనిచేయడం లేదు.

పిల్లను ఎత్తుకుని కిందికి ఉరికాడు, వెనకే కల్పలత. ఆటో దొరికింది గానీ రైల్వే స్టేషన్ దాటగానే ఆగిపోయింది. జాతర కోసం రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెట్టారు. అటు తిప్పితే ఇంకో గుంపు. డప్పుల మోత. తలల మీద బోనాల కుండలతో ఆడవాళ్లు నిండుగా నడుస్తున్నారు. మైసాచి ధూపం పొగ తెరలు తెరలుగా వస్తోంది. కల్పలత చున్నీ పిల్ల ముఖం మీద కప్పి, కప్పితే ఊపిరాడదేమోనని తీసి, పొగ చూసి మళ్లీ కప్పింది.

"దిగుండ్రి, నడుద్దాం!" అంది.

రాఘవేందర్ పిల్లను భుజాన వేసుకుని గుంపులోకి దూరాడు. "జెర జరగండన్నా, పాపకు దమ్మాడ్తలేదు" అని అరుస్తూనే ఉన్నాడు. డప్పుల మధ్య అతని గొంతు అతనికే వినిపించలేదు. ముఖం చూసిన వాళ్లు మాత్రం పక్కకు జరిగారు. బోనం ఎత్తుకున్న ఒక పెద్దావిడ తన వాళ్లను ఆపి దారి ఇచ్చింది. భుజం మీద లాస్య బరువు పెరుగుతున్నట్టు అనిపించింది. ఊపిరి చప్పుడు తగ్గుతోంది. అది మంచికో చెడుకో అతనికి తెలియలేదు. పెదాలు నీలంగా మారాయేమో చూడమని కల్పలతకు చెప్పాలనుకున్నాడు. చెబితే ఆమె ఏం చెబుతుందోనని అడగలేకపోయాడు.

దవాఖానాలో పిల్లను చేతుల్లోంచి లాక్కుని లోపలికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టారు, మందు ఆవిరిగా పట్టారు, సూదులు వేశారు. అద్దం తలుపు ఇవతల నిలబడి చూడటం తప్ప రాఘవేందర్‌కు పని లేదు. వెనక నుంచి వచ్చి చేరిన లచ్చమ్మ కోడలి పక్కన కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. రోజూ వాడే పంపు ఎందుకు ఆపారని అక్కడి డాక్టరు అడిగినప్పుడు, రాఘవేందర్ జేబులోంచి నీలం పంపు తీసి చూపించాడు.

పిల్ల బతికింది. కొన్నాళ్లు అక్కడే ఉంచి ఇంటికి పంపారు. వారం తిరక్కముందే తిరుమలగిరి వెళ్లారు.

డాక్టర్ హదస్సా తిడుతుందనుకున్నారు. తిట్టలేదు. "మంచిగున్నప్పుడు ఆపేయాలని అందరికీ అనిపిస్తుంది" అని మాత్రం అంది. మళ్లీ రెండు పంపులు రాసింది. నీలంది ఎప్పుడూ ఇంకొకటి కొత్తది ఇంట్లో ఉండాలంది.

"కారం మిషను తీసేసిన మేడం" అన్నాడు రాఘవేందర్. చిన్న పిల్లవాడు చెప్పుకున్నట్టు చెప్పాడు. "అయినా గిట్లయింది. ఇంకేం తీసెయ్యాలె? చెప్పుండ్రి, తీసేస్తా."

"మీరు చేసింది మంచి పనే. దానివల్ల తక్లీఫ్ తగ్గింది కూడా. కానీ కారం ఒక్కటే కాదు కదా. పిల్ల ఊపిరి గొట్టాలకు ఆ గుణం ఉంది. సర్దికి మూసుకుంటాయి. చల్లగాలికి, తేమకు, పిండి దుమ్ముకు కూడా. వానను తీసేస్తారా మీరు?"

అతను తల దించుకునే అడిగాడు.

"పెద్దయితే పోతదా?"

"చాలామంది పిల్లల్లో తగ్గుతుంది. మీ పాపకు తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను" అంది ఆమె. వీలైతే పిల్లను గిర్ని మీది ఇంట్లో ఉంచొద్దని చెప్పింది.

ఆ ఒక్క మాట కోసం ఇల్లంతా విడిపోవాల్సి వచ్చింది. గిర్ని మూస్తే తినడానికి ఇంకో దారి లేదు. గదులు అద్దెకు వెతికితే గిర్నికి దగ్గరలో ఉన్నవన్నీ చెమ్మ గోడలే. చివరకు కల్పలత పిల్లను తీసుకుని తిరుమలగిరిలో అక్క వాళ్ల పై వాటాలోకి మారింది. అక్కడ చెట్లున్నాయి, గోడలు పొడిగా ఉన్నాయి, బడి దగ్గర. లచ్చమ్మ చిలకలగూడ వదిలి రానంది. తల్లిని ఒక్కదాన్నే వదల్లేక రాఘవేందర్ ఆమెతో ఉండిపోయాడు. సాయంత్రం షట్టర్ దించి, తలంటుకుని, విడిగా పెట్టుకున్న బట్టలు తొడుక్కుని బస్సెక్కేవాడు. పిల్ల నిద్రపోయేదాకా ఉండి వచ్చేసేవాడు. లాస్య అక్కడ నయంగానే ఉంది. పంపు కూడా ఒక్క పూట తప్పలేదు. అయినా చలికాలం మొదలయ్యాక ఒకటి రెండుసార్లు ఆయాసం వచ్చింది.

అలాంటి ఒక రోజు పొద్దున ఫోన్ మోగింది. గిర్ని నడుస్తోంది. గోధుమల డబ్బా పెట్టుకుని అప్పలకొండమ్మ నిలబడి ఉంది. ఫోన్‌లో కల్పలత ఏదో అంటోంది, మోటారు హోరులో వినబడలేదు. అతను స్విచ్ ఆపేశాడు.

"మళ్లొచ్చింది. పంపు ఇస్తున్న. లైన్ల ఉండుండ్రి."

మోటారు మెల్లగా ఆగింది. ఫోన్‌లోంచి పిల్ల ఊపిరి వినిపించింది. సన్నటి ఈల లాంటి చప్పుడు. పంపు నొక్కిన శబ్దం, "మెల్లగ పీల్చు నాన్నా, ఇంకోసారి" అంటున్న కల్పలత గొంతు, మళ్లీ ఆ ఈల. రాఘవేందర్ ఫోన్‌ను రెండు చేతులతో చెవికి అదిమిపెట్టుకుని నిలబడ్డాడు. ఏదైనా చెప్పాలనిపించింది. తగ్గుతది అని చెప్పడానికి అతనికేం తెలుసు? దవాఖానాకు పోదామని చెబుదామా, ఆగుదామా? అక్కడున్నది ఆమె, చూస్తున్నది ఆమె.

"తక్కువైతుందా?" అన్నాడు.

"ఆగుండ్రి."

అప్పలకొండమ్మ అతని ముఖం చూసి డబ్బా అక్కడే వదిలి, గుమ్మం బయటకు వెళ్లి నిలబడింది.

చాలాసేపటికి ఈల పలచబడింది. "మాట్లాడుతుంది ఇప్పుడు" అంది కల్పలత. లాస్య గొంతు బొంగురుగా వచ్చింది.

"డాడీ... ఈ రోజు బడికి... పోను."

"పోకు బిడ్డా. పోకు" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక మళ్లీ మోటారు స్విచ్ వేయలేదు. అప్పలకొండమ్మకు సాయంత్రం రమ్మని చెప్పి షట్టర్ దించాడు. స్నానం చేసి బస్సెక్కాడు. వెళ్లి ఏం చేస్తాడో అతనికి తెలియదు. అతను చేరేసరికి పిల్ల దిండ్లకు ఆనుకుని నిద్రపోతోంది. కల్పలత గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. నీలం పంపు ఆమె పిడికిట్లోనే ఉంది. రాఘవేందర్ చప్పుడు చేయకుండా మంచం పక్కన నేల మీద కూర్చుని, పిల్ల డొక్కలు పైకీ కిందికీ ఆడటం చూస్తూ ఉండిపోయాడు.