జున్ చేతులు ఏం చేస్తున్నాయి?

2023లో నేను మలేషియాలోని ఇపో నగరంలో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో సైన్స్ చెప్తున్నాను. ఆ ఏడాది టీచర్లకు శిక్షణ కింద కొత్త పని ఒకటి పెట్టారు. శుక్రవారం బడి అయ్యాక నలుగురైదుగురం కూర్చుని, ఆ వారం క్లాసులో మనసుకు తగిలిన సంగతి ఒక పేజీ రాసి చదవాలి. దీన్ని రిఫ్లెక్షన్ అంటారు. రిపోర్టు కాదు, మన పనిని మనమే వెనక్కి తిరిగి చూసుకోవడం. విన్నవాళ్లు సలహా ఇవ్వకూడదు, ప్రశ్న మాత్రమే అడగాలి. టీచర్లను సలహా ఇవ్వొద్దనడం పిల్లిని పాలు ముట్టొద్దనడమే. మొదట్లో అందరం నోరు కట్టుకుని కూర్చున్నాం.

నా పేజీ జున్ గురించి. కొరియా నుంచి వచ్చిన పన్నెండేళ్ల పిల్లవాడు. చేరి రెండు టర్ములైనా, ఇంగ్లీషులో జరిగే నా క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. అతన్ని కింది క్లాసుకు దించాలా వద్దా అని మరుసటి వారం మీటింగు ఉంది. అందులో నా మాటకు విలువుంది. "దించితే ఇక బడికే రానంటున్నాడు టీచర్," అని వాళ్ల అమ్మ గేటు దగ్గర బతిమాలింది.

ప్రశ్న అడిగితే తల దించుకుంటాడు, పాఠం అర్థమవుతున్నట్టు లేదు, కింది క్లాసే మేలేమో. ఇదీ నేను రాసింది. చదవడం అయ్యాక లెక్కల టీచర్ ఫరీదా అడిగింది: "జున్ మాట్లాడనప్పుడు అతని చేతులు ఏం చేస్తున్నాయి?"

అతని చేతుల వైపు నేనెప్పుడూ చూడలేదు. పైగా చిరాకేసింది. మాట రాని పిల్లవాడి గురించి చెబితే మధ్యలో ఈ చేతుల గోలేమిటి అనుకుంటూ ఇంటికి వెళ్లాను.

మర్నాడు మా అమ్మాయి కవితను తీసుకుని బాగన్ దాతుక్ అనే ఊళ్లో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్లాను. వంటింట్లో అమ్మ మనవరాలికి పని పురమాయిస్తోంది. "కొబ్బరి కోరి సగం పక్కనెట్టు. మిగిలినదాంట్లో ఏణ్ణీళ్లు పోసి పాలు పిండు." కవిత అన్నీ చెప్పినట్టే చేసింది. "సాలేటి?" అని అమ్మ అడిగితే, "చుకుప్ లా, అమ్మమ్మా," అని మలయ్‌లో చాలంది, ఇక్కడందరూ మాట చివర తగిలించే 'లా'తో సహా. అమ్మమ్మా అన్న పిలుపు తప్ప దానికి తెలుగు నోట రాదు.

"దీనికి తెలుగు రాదని నీకు బెంగ లేదా అమ్మా?" అన్నాను.

"రాకపోతే ఈ పాలెలాగొచ్చినాయి? నా మాట దాని సేతుల్లోకి ఎల్లిపోతాది. నోట్లోకి ఎప్పుడొస్తే అప్పుడొస్తాది లా," అంది అమ్మ.

ఫరీదా ప్రశ్న అప్పుడు బోధపడింది.

సోమవారం ల్యాబులో పిల్లలకు ఇసుకా ఉప్పూ కలిపిన నీళ్లిచ్చి, వాటిని వేరు చేసే పద్ధతి నోటితోనే చెప్పాను. బోర్డు మీద ఏమీ రాయలేదు. జున్‌నే చూస్తూ నిలబడ్డాను. ఫిల్టర్ పేపర్ మడిచాడు, తడిపి గరాటుకు అంటించాడు. పక్క పిల్ల ఎక్కువ పోయబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నీళ్లు కాచి ఉప్పు తీసేదాకా ఎక్కడా తప్పలేదు. పాఠమంతా వాడికి వచ్చు.

పేజీ మళ్లీ రాసి, మీటింగులో అదే చదివాను. జున్‌ను దించలేదు. వాళ్ల అమ్మ గేటు దగ్గర నా చేతులు పట్టుకుంది.

తర్వాతి టర్ములో ఒకరోజు నేను తొందరలో పొడి పేపరే గరాటులో పెట్టాను. "టీచర్, ముందు తడపాలి," అన్నాడు జున్. క్లాసంతా అతని వైపు తిరిగింది. బుద్ధిగా పేపర్ తడిపాను.

నా దగ్గర శిక్షణల సర్టిఫికెట్లు బోలెడున్నాయి. పనికొచ్చింది మాత్రం ఆ ఒక్క ప్రశ్న. ఫరీదా సలహా ఇచ్చి ఉంటే తల ఊపి మర్చిపోయేదాన్ని. పలకడం లేదని ఏ పిల్లవాడి గురించైనా రాసే ముందు, వాడేం చేస్తున్నాడో ఇప్పుడు చూస్తాను. ఫరీదాకూ అమ్మకూ ఎంతో రుణపడి ఉన్నాను.

జున్ నోరు విప్పిన ఆ వారమే కవితను తీసుకుని వెళ్లి అమ్మకు సంగతి చెప్పాను.

"అయితే ఆ పిల్లడు మాటాడేసినాడు. మన పిల్ల ఎప్పుడు మాటాడతాదో," అంది అమ్మ.

వంటింట్లోంచి కవిత పకపకా నవ్వింది.