సత్తక్క గేటు

మొన్న ఆఫీసు లిఫ్టులో ఎవరి రుమాలు నుంచో నీలగిరి తైలం వాసన గుప్పుమంది. నేను రెండడుగులు వెనక్కి వేసి గోడకు అతుక్కుపోయాను. ఆ వాసన తగిలితే చాలు, సత్తక్క గేటు మూసేసేది.

నాచారంలో ఆమె ఇంటి మేడమీద గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. ఆమె భర్తను బావా అని పిలిచేవాణ్ణి. ఆయన కిడ్నీలు పాడైతే సత్తక్క తనదొకటి ఇచ్చింది. ఒళ్ళు దాన్ని తిప్పికొట్టకుండా ఆయన రోజూ మందులు వేసుకోవాలి. వాటితో రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుందనీ, మనకు నాలుగు రోజుల్లో పోయే జలుబు ఆయన ఊపిరితిత్తుల మీదికి రావచ్చనీ డాక్టరు చెప్పాడట. సత్తక్క ఆ మాట విని గేటు దగ్గర కుర్చీ వేసుకుంది. కరెంటు మీటరు చూసేవాడు కూడా జలుబు లేదని చెప్పుకున్నాకే లోపలికి రావాలి. ఇదేం చాదస్తమని నేనంటే బావ నవ్వేవాడు. "నన్నేమంటవ్ తమ్మీ? కిడ్నీ ఆమెది. నేను ఉత్తగ మోస్తున్న."

ఊరంతా స్వైన్ ఫ్లూ భయం ఉన్న ఏడాది, ఆమె పెద్ద ఆడబిడ్డ భువనగిరి నుంచి సంచెడు బత్తాయిలతో, అంతకంటే ఎక్కువ దగ్గుతో దిగింది. సత్తక్క గేటు బయటే కుర్చీ వేయించి, ఊచల మధ్య నుంచి చాయ్ అందించింది. బావ డాబా మీద నిలబడి ఓట్లడిగే నాయకుడిలా చెయ్యి ఊపాడు.

"నా తమ్ముని నేను ముట్టుకోవద్దానే?" అంది ఆడబిడ్డ.

"కండ్లనిండ సూడు వదినె. ముట్టుకునుడు దగ్గు తగ్గినంక."

ఆమె చాయ్ తాగకుండానే ఆటో ఎక్కేసింది. గల్లీ అంతా సత్తక్కను ఆడిపోసుకుంది. "గామె మాట్లాడకున్న మంచిదే తమ్మీ, ఈయన ఉంటే సాలు," అంటూ సత్తక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. అది జలుబు కాదు, ఏడుపేనని నాకు ప్రత్యేకంగా చెప్పింది కూడా.

ఆ చలికాలం నా గొంతులో గరగర మొదలైంది. ఆదివారం. కింద కోడికూర ఉడుకుతోంది. "జలుబున్నదా తమ్మీ?" అని సత్తక్క అడిగితే, లేదక్కా అనేశాను. బావ పక్కనే కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. నాలుగో రోజుకు ఆయనకు జ్వరం, ఆయాసం. దవాఖానాలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. దవాఖానా బయట చాయ్ బండి దగ్గర, దూరంగా నిలబడి సత్తక్కకు నిజం చెప్పేశాను. చెంప పగలగొడుతుందనుకున్నాను.

"నీతోనే అచ్చిందో, ఇంకెట్లచ్చిందో ఎవరికెరుక. గాని ఉన్నదని జెప్తే, కూర గిన్నెల వెట్టి పైకి పంపకపోతుంటినా? నిన్ను ఉపాసం పండవెడుతుంటినా?" అంది.

నాకు అక్కడే ఏడుపొచ్చేసింది.

బావ పన్నెండు రోజులకు ఇంటికొచ్చాడు. ఆ పన్నెండు రోజులూ నేను ఎలా గడిపానో నాకే తెలుసు.

ఇప్పుడు జలుబు చేస్తే ఎవరింటికి వెళ్ళినా గడప బయటే ఆగి ఆ సంగతి చెబుతాను. "దానికేముంది, రండి," అని నవ్వుతారు. నేను లోపలికి వెళ్ళను. గిన్నెలో పెట్టి ఇచ్చేదాకా అక్కణ్ణుంచి కదలను కూడా.