దాటనందుకు చలాన్

పటాన్‌చెరు మీదుగా వెళ్తూ మీరెప్పుడైనా ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ముందెవడో మహానుభావుడు బండి అడ్డం పెట్టాడని తిట్టుకున్నారా? ఆ తిట్లలో కొన్ని నాకు చెందాల్సినవే అయ్యుంటాయి. ఉద్యోగం ఇంటర్వ్యూకని బయలుదేరి, ముంబై రోడ్డునే నిలబెట్టేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. కాకపోతే నవ్వేటప్పుడు కాస్త చాటుగా నవ్వండి, ఇది మా మేనమామ కూడా చదువుతాడు.

అప్పట్లో నేను ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ప్యాకింగ్ పని చేసేవాణ్ణి. చిన్నప్పటి నుంచి నాకు రైలు డ్రైవరు కావాలని పిచ్చి. రాత పరీక్ష ఎలాగో గట్టెక్కాను. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మన బుర్ర ఎంత చురుకో చూసే పరీక్ష కూడా దాటాను. మిగిలింది ఇంటర్వ్యూ ఒక్కటే. వయసేమో అంచుకు వచ్చేసింది. ఇది తప్పిందంటే ఇక జన్మంతా మాత్రల డబ్బాలకు టేపు అంటించుకుంటూ కూర్చోవాల్సిందే.

మా అమ్మ తమ్ముడు మల్లేశం మామ రైలు డ్రైవరుగా రిటైరై ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఉంటున్నాడు. సర్వీసంతటిలో ఒక్క ఎర్ర సిగ్నల్ కూడా దాటలేదని చెప్పుకోనిదే ఆయనకు చాయ్ గొంతు దిగదు. నా సంగతి వినగానే సంగారెడ్డిలో మా ఇంటికి వచ్చి దిగాడు.

"అల్లుడా, పుస్తకం పక్కకు వెట్టు. డ్రైవర్ అన్నంక నోరుండాలె. సిగ్నల్ కనవడంగనే చెయ్యి సాపి గట్టిగ చెప్పాలె. పక్కనున్నోడు అదే మాట మళ్ల చెప్పాలె. సమజైందా?"

"అయింది మామా."

"గట్ల గొణుగుతవేంది? ఇంజన్ సప్పుడుల ఇనవడాలె!"

వాకిట్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు పడ్డాయి. ఒకదాంట్లో నేను, ఇంకోదాంట్లో మామ. వంటింటి గడప దగ్గర అమ్మ ఒక చేత్తో ఎర్ర తువ్వాలు, ఇంకో చేత్తో పచ్చ చీర కొంగు పట్టుకుని నిలబడేది. ఆమె ఏది ఎత్తితే దానికి నేను అరవాలి, మామ తిరిగి అరవాలి. మామ చెప్పేదాకా సిగ్నల్ దించకూడదని ఆమెకు ఆర్డరు.

"మీ సిగ్నల్ సల్లగుండ, పొయ్యి మీద కూర మాడుతుందిరా!" అనేది అమ్మ పాపం.

కంపెనీ బస్సులో కూడా డ్రైవరు పక్కన కూర్చుని అరవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు షిఫ్టు షిఫ్టంతా నా వెనక కోరస్ అందుకుంది. నిద్రపోదామని ఎక్కినవాళ్ళు నన్ను ఎంత దీవించారో ఇక్కడ రాయలేను.

ఒకరోజు మామ అసలు పాఠానికి వచ్చాడు.

"సిగ్నల్ వెలుగకుంటే ఏం జేస్తవు?"

"వెలుగకుంటే... జెర సూసుకుంట పోత?"

నెత్తి మీద టంగుమని మొట్టికాయ పడింది.

"వెలగని సిగ్నల్ అంటే ఎర్ర సిగ్నల్ లెక్కనే! ఆగాలె. దాటాల్నంటే స్టేషన్ మాస్టర్ కాయితం మీద రాసియ్యాలె. నోటితోని చెప్తే, దేవుడు చెప్పినా కదలొద్దు!"

ఆ మొట్టికాయతో ఆ రూలు నా బుర్రలో దిగబడిపోయింది.

ఇంటర్వ్యూ రోజు మామ తన పాత స్కూటర్ తీశాడు. నేను నడుపుతున్నాను, ఆయన వెనక కూర్చున్నాడు. దారిలో ఎక్కడ సిగ్నల్ కనిపించినా, చేతులు హ్యాండిల్ మీద ఉన్నాయి కాబట్టి గడ్డం చాపి అరిచాను. మామ తిరిగి అరిచాడు. అలా ఇస్నాపూర్ దాటి పటాన్‌చెరు చేరాం. అక్కడ ఒక చౌరస్తాలో లైటు అసలు వెలగడమే లేదు.

"సిగ్నల్ వెలగలే!" అని అరిచాను.

"సిగ్నల్ వెలగలే!" అన్నాడు మామ.

నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. నడిరోడ్డు మీద ఆగిపోయాం.

"శభాష్ బిడ్డా!" అని మామ వీపు తట్టాడు.

మా వెనక ఒక లారీ ఆగింది. దాని వెనక కంపెనీ బస్సులు, ఆటోలు, ట్యాంకర్లు. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. "అరే భాయ్, ఆగే బఢో!" అని, ముందుకు కదలమని లారీవాడు మొత్తుకుంటున్నాడు.

"మామా, టైమైతుంది, పోదామే!" అన్నాను. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"సర్విసుల ఒక్కటి దాటలే, ఇయ్యాల నీ కోసం దాటాల్నా? మాస్టర్‌ను అడిగి కాయితం తే, పో."

ఆ చౌరస్తాకు మాస్టరంటే ట్రాఫిక్ కానిస్టేబులే. ఆయన దగ్గరకు పరిగెత్తాను.

"ఏంది తమ్మీ, బండి కరాబైందా?"

"లేదు సార్. సిగ్నల్ వెలగలే."

"కరెంట్ పోయింది. నువ్వు పో."

"పోతందుకు మీరు జెర రాసియ్యాలె సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పొద్దుగాల్నే తాగినవా?"

ఇంతలో మామ వచ్చేశాడు. "పోరగాని మీద గరం గాకుండ్రి సార్. రూలే అడిగిండు. నోటిమాట నడ్వదు, కాయితం గావాలె."

"కాయితమా? అబ్బ, గదెంత పని పెద్దమనిషీ! ఖుషీగ ఇస్త!"

స్కూటర్ నంబరు కొట్టాడు. చేతిలోని మిషన్ కుర్రుమంటూ చీటీ కక్కింది. మామ దాన్ని కళ్ళకద్దుకుని, మడిచి నా జేబులో పెట్టాడు. "చూసినవా, పద్ధతంటే గిది! పోనియ్ ఇగ!"

పరుగు పరుగున వెళ్ళినా ఆలస్యం కానే అయింది. లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న మేడమ్, "ఎందుకు ఆలస్యమైంది?" అంది. బట్టీపట్టిన జవాబులన్నీ భయానికి ఎగిరిపోయాయి. జరిగిందంతా చెప్పి, సాక్ష్యంగా కాగితం బల్ల మీద పెట్టాను.

ఆమె చదివింది. "బాబూ, ఇది చలాన్. ట్రాఫిక్‌కు అడ్డంగా బండి ఆపినందుకు."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నా ఉద్యోగం ఆ నవ్వులో కొట్టుకుపోయిందనే అనుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "రోడ్డు మీద ఇంకెప్పుడూ ఇలా ఆగకు. పట్టాల మీద మాత్రం ఇలాగే ఆగు" అంది. ఉద్యోగం వచ్చింది!

బయట మామ కాచుకుని ఉన్నాడు. చలాన్ సంగతి చెప్పాలంటే నాకు ప్రాణం చచ్చిపోయింది. స్కూటర్ ఆయన పేరు మీదే ఉంది. మచ్చ లేని మనిషికి నావల్ల మచ్చ పడింది. చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది.

"సిగ్నల్ దాటినమని రాసిండ్రా?"

"కాదు మామా. దాటలేదని."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. "గట్లయితే ఫ్రేం కట్టియ్ రా!"

అది ఇప్పటికీ వాళ్ళింట్లో, ఆయన రిటైర్మెంట్ ఫొటో పక్కనే వేలాడుతోంది. ఇక నా సంగతంటారా, నా రైలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పట్టాలు లేని చోట వెలగని సిగ్నల్ చూసి ఇంకెప్పుడూ ఆగను. మామ వెనక కూర్చున్న రోజున మాత్రం అసలు ఆ చౌరస్తాకే పోను. ఊరు చుట్టి వెళ్తాను.