గాలి చూసే పిన్నిగారు

రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి పిన్నిగారు తడివేలు పైకెత్తి గాలి చూడందే దండెం మీద బట్ట వేసేవారు కాదు. గాలి ఇంజన్ షెడ్డు వైపు నుంచి వీస్తే ఉతికిన బట్టల నిండా బొగ్గుమసి. అయినా నాకదంతా చాదస్తంగానే తోచేది.

కాలేజీలో సీటు కోసం ప్రిన్సిపాల్‌ను కలవాల్సిన రోజు పొద్దున్నే, నాకున్న ఒక్క మంచి చీర, తెల్లది, ఉతికి ఆరేశాను.

"తీసీవే అమ్మీ, హవా ఇటు తిరుగుతోంది," అన్నారు పిన్నిగారు.

"వేలికే అన్నీ తెలిస్తే ఇక చదువులెందుకండీ?"

"అయితే సదువుకున్న గాలి వచ్చేదాకా ఉండు!"

విసురుగా లోపలికి వెళ్ళిపోయాను. కాసేపటికి పొగ వాసన తగిలి బయటికి పరుగెత్తాను. చీరకూ షెడ్డుకూ మధ్య తన తెల్లదుప్పటి రెండు చేతులా చాచి పట్టుకుని నిలబడి ఉన్నారావిడ. జుట్టు నిండా మసి.

"ఏటలా సూస్తావు? ఆ కొస పట్టు!"

పరుగున వెళ్ళి పట్టుకున్నాను. చీర ఆరేదాకా ఇద్దరమూ కదల్లేదు. చివరికి ఆవిడ మొహం చూసి నాకు నవ్వాగలేదు.

"నవ్వింది చాలు. నీ మొగం కడుక్కుని ఎల్లు, టైమవుతోంది!"

సీటొచ్చింది. ఆ దుప్పటి మాత్రం ఎన్నిసార్లు ఉడకబెట్టి ఉతికినా మళ్ళీ తెల్లబడలేదు.