పట్టీ బిగించగానే వచ్చిన మాట

పోయినేడాది పక్షవాతంతో మా ఆయనకు కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. మణుగూరులో ఫిజియోథెరపీకి తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు అక్కడి అమ్మాయి ఆయన జబ్బకు వెడల్పాటి పట్టీ బిగించి, చేతిలో మెత్తటి బంతి పెట్టింది.

"గిట్ల నెత్తురు కొంచెం ఆపి చేయిస్తే, చిన్న పనికే మెదడు గట్టిగ కష్టపడతది ఆంటీ. మెల్లగ మేల్కొంటదని ఆశ" అంది.

ఆయన బంతిని చూడలేదు. పట్టీనే చూస్తూ ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నారు. నెలల తర్వాత నోరు పెగిలింది.

"ఇంకా గట్టిగ కట్టు... బిడ్డ బతుకుతడు!"

ఆ అమ్మాయి సంతోషంగా చప్పట్లు కొట్టింది. అది ఏళ్ల కిందటి మాటని ఆమెకు తెలియదు. అడవిలో తునికాకు కోస్తుంటే మా చిన్నోడి చేతిని పాము కాటేసింది. ఆయన తువ్వాలతో కట్టిన కట్టూ జబ్బకే. వాడు దక్కలేదు.

ఆయన మెదడు మేల్కొంది, వాడింకా ఊపిరితో ఉన్న ఘడియలో. నావైపు చూశారు.

"అవ్, బతుకుతడు" అన్నాను. ఇంకేమనను?