నీలవ్వకు దండ ఎవరు వేయాలి?

గోదావరిఖనిలో మూడు దారులు కలిసేచోట సమ్మవ్వ మిర్చీబండి ఉంది. పాతికేళ్లుగా అక్కడే ఉంది. దానికి ఎదురుగా ఇప్పుడు ఓదెలు గుర్రమెక్కి నిలబడ్డాడు. ఇంకా ఆవిష్కరణ కాలేదు. కప్పిన గుడ్డ చాలక గుర్రం తోక బయటనే ఉండిపోయింది. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు ఆ తోకను చూసి నవ్వుకుంటూ పోతున్నారు.

ఓదెలు నిజాం కాలంలో దొరల గడీలు దోచి గుట్టల్లో దాక్కున్న మనిషి. బతికున్నప్పుడు సొంత కులంవాళ్లే ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. పట్టించినవాళ్లకు ఇనాం అని దండోరా వేసిన రోజున, డప్పు వినబడినంత మేర తలుపులు మూసుకున్నారు. చచ్చి ఎనభై ఏళ్లు దాటాక అదే కులానికి ఆయన వీరుడయ్యాడు. పోయినవాళ్లతో ఇదొక సుఖం. వాళ్లకు అన్నం పెట్టి దాచిపెట్టాల్సిన పని లేదు, దండ వేస్తే సరిపోతుంది.

ఓదెలుకు ఊళ్లో పెళ్లాం ఉంది, పిల్లలు లేరు. గుట్టల్లో నాలుగేళ్లు ఆయన వెంట ఉన్నది నీలవ్వ, నాయకపోడు తెగ పిల్ల. ఏ చెలిమెలో నీళ్లుంటాయో, ఏ గడ్డ తింటే ఆకలి ఆగుతుందో, పోలీసులు ఏ వాగు దాటి వస్తారో ఆమెకు తెలుసు. ఆయన వీరత్వంలో సగం ఆమె కాళ్ల పుణ్యమే. కానీ కథ చెప్పేవాళ్లు ఆ నాలుగేళ్లను నాలుగు మాటల్లో దాటేస్తారు. చివర్లో మాత్రం, “అడివి ఆడది ఉప్పు మూటకు ఆశపడి మొగన్ని పట్టిచ్చె” అని గొంతెత్తుతారు. జనం థూ అంటారు. కథ బాగా రక్తి కడుతుంది.

సమ్మవ్వ ఆ నీలవ్వకు మనుమరాలు. నీలవ్వ కొడుకు రాజం, రాజం బిడ్డ సమ్మవ్వ.

తనకు పదేళ్లొచ్చేదాకా సమ్మవ్వ అవ్వ పక్కలోనే పడుకుంది. అవ్వ రైలుపట్టాల కోసం కంకర కొట్టింది, బొగ్గు తట్ట మోసింది, ఒక్కతే కొడుకును పెంచింది. ఉప్పు కొనడానికి మాత్రం ఎన్నడూ దుకాణానికి పోలేదు, కొడుకును పంపేది. ఒకసారి కథ చెప్పేవాళ్లు వాళ్లుండే కార్మికుల ఇళ్ల లైనుకే వచ్చి ఓదెలు కథ చెప్పారు. అవ్వ ఆఖరుదాకా కూర్చుని విని, లేచి చేటెడు బియ్యం తెచ్చి వాళ్ల జోలెలో పోసింది. “కథ మంచిగ చెప్పిండ్రు బిడ్డ. అండ్ల నేనొక్కదాన్నే మంచిగ లేను” అని లోపలికి పోయింది. ఆ మాట సమ్మవ్వ గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆ ఉప్పు మూట మాట ఎవరైనా చెరిపేస్తే చూడాలని ఆమె ఆశ. వేరే ఆశలు పెట్టుకోవడానికి మిర్చీబండి తీరిక ఇవ్వలేదు.

మరి లేచి చెప్పొచ్చు కదా, ఆమె నా అవ్వ, ఆ మాట అబద్ధం అని? చెప్పలేదు. ఎందుకో వినండి.

రాజం జైల్లో పుట్టాడు. వయసొచ్చి బొగ్గుబాయి పనికి పోతే గుమాస్తా, “తండ్రి పేరు?” అన్నాడు. ఓదెలు పేరు చెప్తే పనికి బదులు ఠాణాకు పంపుతారు. చెప్పకపోతే పనే లేదు. నెల రోజులు గేటు దగ్గరే నిలబడ్డాడు. అప్పుడు సదయ్య అనే మనిషి కొత్తగా పనిలో చేరి, మొదటి షిఫ్టు దిగి, నెత్తిమీద కప్పు చిటపటమనడం విని, పైకొచ్చి గేటు బయట కూలబడ్డాడు. “నాకు ఎవుసమే మేలు. గీ చిట్టీ నువ్వే ఉంచుకోరాదు” అని రాజం చేతిలో పెట్టి బస్సెక్కిపోయాడు. చిట్టీలో పేరుంది, తండ్రి పేరుంది, ఊరుంది. ఫొటో లేదు. ఆ రోజుల్లో గుమాస్తాలు కాగితం మొహం చూసేవాళ్లు గానీ మనిషి మొహం చూసేవాళ్లు కాదు. మరునాడు రాజం సదయ్య అయ్యి బాయిలోకి దిగాడు, ముప్పై ఏళ్లకు సదయ్యగానే పైకొచ్చాడు.

బొగ్గుబాయిల్లో ఇది వింతేమీ కాదు. ఆ తరంలో మారుపేరుతో పనిచేసినవాళ్లు లైనుకు నలుగురుండేవారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పేరుతో పిలిచే అవసరం కూడా రాదు. కాక, బావ, అన్న అంటే బతుకంతా గడిచిపోతుంది. తండ్రి గడీలు దోచి దొంగై, ఆనక వీరుడయ్యాడు. కొడుకు చెమటోడ్చడానికి ఒక పేరు ఎత్తుకున్నాడు, అతనికి మాత్రం ఎవరూ విగ్రహం పెట్టలేదు.

ఆ పేరు మీదనే ఇల్లు నిలబడింది. సదయ్య పేరుతోనే రాజం రిటైరయ్యాక, అల్లుడి లెక్కన సమ్మవ్వ భర్త ఎల్లేశానికి నౌకరి వచ్చింది. ఇప్పుడు ఎల్లేశం ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయ్యాడు. ఆ నౌకరి కొడుకు రుత్విక్‌కు రావాలి. ఫైలు ఆఫీసులో ఉంది, ఆర్డరు నేడో రేపో అంటున్నారు. ఈ సమయంలో సమ్మవ్వ “నేను రాజం బిడ్డను” అన్నదనుకోండి, గిట్టనివాడెవడో ఆకాశరామన్న ఉత్తరం రాస్తాడు. రాజం బిడ్డవైతే నీ భర్త సదయ్యకు అల్లుడెట్లయ్యాడని ఆఫీసు అడుగుతుంది. ఆ తర్వాత ఆర్డరూ రాదు, ఇన్నేళ్ల నౌకరీ దొంగదవుతుంది. రుత్విక్‌కు ఇవేవీ చెప్పలేదు. తాత పోయేనాటికి వాడు ఉయ్యాలలో ఉన్నాడు. పొద్దున తిన్న ఉప్మా కూడా ఫోనులో పెట్టే పిల్లవాడికి గుట్టు చెప్పేదెలా?

ఆ ఫైలు కదిలిన కొత్తలోనే మమత దిగింది. కాలేజీలో చరిత్ర చెప్పే మేడం. అందరూ ఓదెలు వెంట పడితే ఆమె నీలవ్వ వెంట పడింది. నీలవ్వకు కొడుకు పుట్టాడు, ఆ కొడుకు ఏమయ్యాడు, వాళ్ల సంతానం ఎక్కడుంది అని ఏడాదిపాటు రామగిరి గుట్టల చుట్టూ తిరిగింది. బెల్లంపల్లి పోయింది, శ్రీరాంపూర్ పోయింది. రాజం బొగ్గుబాయికి పోయాడని ఒక ముసలామె చెప్పిందట. కంపెనీ పాత జాబితాల్లో ఆ తండ్రికి పుట్టిన రాజం ఎక్కడా లేడు. ఎట్లా ఉంటాడు? తిరిగి తిరిగి అలసి, సాయంత్రం సమ్మవ్వ బండి దగ్గర బల్లమీద కూర్చుని, నీలవ్వ మనుమరాలు వేసిన బజ్జీలు తింటూ, “నీలవ్వ వంశం ఎటు పోయిందో పెద్దమ్మా, నీకేమన్న ఎరుకనా?” అని అడిగేది.

“నాకెరుక లేదు బిడ్డ. ఇంకో రెండెయ్యన్నా?” అనేది సమ్మవ్వ.

మమతకు పాత జైలు రిజిస్టరు నకలు ఒకటి దొరికింది. అంతా ఉర్దూ. చదివేవాళ్ల కోసం వెతికితే అందరూ బద్రుద్దీన్ పేరు చెప్పారు. ఎనభై దాటిన ముసలి కార్మికుడు. రాజంతో ఇరవై ఏళ్లు ఒకే గ్యాంగులో బొగ్గు కొట్టిన దోస్తు. ఆ సంగతి మమతకు తెలియదు. ఆయన చదవడానికి ఎంచుకున్న జాగా కూడా సమ్మవ్వ బండి పక్క బల్లే. వెలుతురు బాగుంటుందన్నాడు.

కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి, నింపాదిగా చదివాడు. “నీలవ్వ. నాయకపోడు. ఉమర్ ఇరవై. కడుపుతోని ఉన్నది.” ఆగాడు. తేదీ చూశాడు, మళ్లీ చూశాడు. “మేడం, ఓదెలు సచ్చింది ఎన్నడు?”

మమత చెప్పింది. బద్రుద్దీన్ వేళ్లమీద లెక్కపెట్టాడు.

“గట్లయితే ఆయన సచ్చేనాటికి ఈమె లోపలికి పోయి ఇరవై రెండు దినాలు. తాళం బయట ఉన్నది, ఈమె లోపల ఉన్నది. ఎట్ల పట్టిస్తది?” ఇంకో పంక్తి మీదికి వేలు జరిపాడు. “గీడ రాసిండ్రు సూడు. ఓదెలు జాడ మూడుసార్లు అడిగిండ్రట. మూడుసార్లు గూడ ‘నాకెరుక లేదు’ అన్నదట.”

సమ్మవ్వ చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. నూనెలో బజ్జీలు మాడుతున్నాయి. పొయ్యి పొగ కళ్లల్లోకి పోయిందని కొంగుతో తుడుచుకుంది. మమత కూడా అదే అనుకుంది.

రిజిస్టరు వెనక పేజీలో ఇనాం తీసుకున్నవాడి పేరు కూడా ఉంది. అది ఓదెలు పెళ్లాం తమ్ముడి పేరు. ఆయన మనుమడే జగదీశ్వర్, ప్లాట్లు అమ్మే పెద్దమనిషి, విగ్రహానికి అందరికంటే పెద్ద చందా ఇచ్చినవాడు. ఆవిష్కరణనాడు ఓదెలు వారసుడిగా వేదికమీద కూర్చోబోయేది కూడా ఆయనే.

మమత నకలు పట్టుకుని, విగ్రహం పెట్టిస్తున్న కుల సంఘం అధ్యక్షుడు రఘుపతి సార్ దగ్గరికి పోయింది. రిటైరైన హెడ్‌మాస్టరు. విగ్రహం కింది శిలాఫలకం రాత ఆయనదే, అందులో ఉప్పు మూట కూడా ఉంది. మొదట ఆయన ఒప్పుకోలేదు.

“మేడం, మోసం లేకుంట వీరుడు ఎట్ల సస్తడమ్మా? జనం ఏమనుకోవాలె?”

“మోసం ఉన్నది సార్. పేరు గూడ ఉన్నది. ఆ పేజీ మైకుల చదువుదామా?”

రఘుపతి సార్ ఆ పేజీ చూశారు. మంచినీళ్లు అడిగారు. నీళ్లు తాగేలోగా ఆయనకు చరిత్ర మీద గౌరవం పెరిగింది. ఉప్పు మూట మాట తీసేస్తామన్నారు, నీలవ్వకు కూడా గుర్రం పక్కన చిన్న బొమ్మ చేయిస్తామన్నారు, వెనక పేజీ మాత్రం వెనకనే ఉండాలన్నారు. వెనక పేజీ తను రాసే పుస్తకంలో ఉంటుంది, ఫలకం మీద మీ ఇష్టం అని మమత లేచింది. నీలవ్వ వివరాల కింద ఏం రాయాలని సార్ అడిగితే, ఆమె మనసు చంపుకుని, వారసులెవరూ దొరకలేదని చెప్పింది. ఫలకం మీద చెక్కారు: “నీలవ్వ. ఓదెలుకు తోడుగా నిలిచిన వీరవనిత. వారసులు లేరు.”

రాయి నిలబెట్టిన పొద్దున సమ్మవ్వ కూడబలుక్కుంటూ చదివింది. మొదటి రెండు మాటలకు గుండె నిండింది. మూడోది చదివి బండి దగ్గరికి వచ్చి చాలాసేపు ఉల్లిగడ్డలు కోసింది. ఆమె కోరుకున్నది అక్షరాలా జరిగింది, అందుకు ఇచ్చుకున్నది తననే.

ఆవిష్కరణ రోజు జనం బాగా వచ్చారు. మిర్చీలు బాగా పోయాయి. జగదీశ్వర్ నిచ్చెనెక్కి ఓదెలు మెడలో గజమాల వేశాడు. పట్టించినవాడి మనుమడు దండ వేస్తుంటే ఓదెలు గుర్రం మీదనుంచి దిగలేదు, అదొక్కటే ఆయన తప్పు. తర్వాత రెండో దండ తీశారు. అప్పుడు వచ్చింది చిక్కు.

“నీలవ్వ తల్లికి మన ఆడబిడ్డలెవరన్న వచ్చి దండ ఎయ్యాలె” అన్నారు రఘుపతి సార్ మైకులో.

ముందు వరసలో పట్టుచీరలు ఒకరినొకరు చూసుకున్నాయి. పెళ్లి కాకుండా ఉన్నదానికి దండెట్ల వేస్తామని ఒకామె గొణిగింది. మా ఆయనను అడగాలని ఇంకొకామె అంది. సార్ చెమట తుడుచుకుని, మాట మార్చి, “నీలవ్వ తరఫున ఎవరన్న ఉన్నరా?” అన్నారు. లేరని రాయించినవాళ్లే అడిగారు, మర్యాద కోసం.

వెనక కుర్చీల్లో పాత కార్మికులు కూర్చున్నారు. దగ్గులతో, తువ్వాళ్లతో, చేతికర్రలతో. రాజంతో బాయిలోకి దిగినవాళ్లు, రాజం పాడె మోసినవాళ్లు. అందరూ ఒక్కసారి మిర్చీబండి వైపు చూశారు. వాళ్లలో ముగ్గురి పేర్లు వాళ్లవి కావు. సమ్మవ్వ పిండి చేతులతో అట్లాగే నిలబడింది. “ఉన్న” అనే మాట గొంతుదాకా వచ్చింది. బండి పక్కనే ఫోను ఎత్తి ఫొటోలు తీస్తున్న రుత్విక్‌ను చూసి దాన్ని మింగింది.

అప్పుడు బద్రుద్దీన్ కర్ర ఆనుకుని లేచాడు. “సార్, ఎవలూ లేకుంటే గా మిర్చీబండామెతోని ఎయ్యించుండ్రి. పాతికేండ్ల సంది గీ జాగల ఉన్నది. ఆమెకు ఎవలతోని పేచీ లేదు.”

రఘుపతి సార్‌కు ప్రాణం లేచొచ్చింది. “మంచి మాట! ఏయ్ సమ్మవ్వా, జల్ది రా. చేతులు కడుక్కొని రా.”

చేతులు కడుక్కుంది. కొంగు నిండా కప్పుకుంది. బొమ్మ దగ్గరికి నడిచింది. శిల్పి ఎవరో గానీ నీలవ్వకు సినిమా ముక్కు పెట్టాడు, మెడలో కాసులపేరు చెక్కాడు. అవ్వ మెడలో ఎన్నడూ పూసల దండ తప్ప ఏదీ లేదు. సమ్మవ్వ ఆ మొహంలో అవ్వ కోసం వెతికి, దొరకక, కాళ్లు చూసింది. కాళ్లు మాత్రం ఉత్తకాళ్లు, వెడల్పు పాదాలు. అవి అవ్వవే అనుకుంది. దండ వేసి, వంగి, ఆ పాదాలకు తల ఆనించింది. అందరూ అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఆనించింది.

వెనక ఒక కుర్చీ చప్పుడైంది, ఇంకొకటి అయింది. పాత కార్మికులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. తువ్వాళ్లు భుజాలమీదనుంచి తీసి చేతుల్లో పట్టుకున్నారు.

“సూడుండ్రి, మన వీరుడంటే మన కార్మికులకు ఎంత ఇజ్జతో!” అన్నారు రఘుపతి సార్ మైకులో. చప్పట్లు మోగాయి.

మమత చప్పట్లు కొట్టలేదు. లేచిన ముసలివాళ్లను చూసింది, పాదాల దగ్గరున్న సమ్మవ్వను చూసింది. నోట్‌బుక్ తెరిచింది, ఏమీ రాయకుండానే మూసి సంచిలో పెట్టుకుంది. చదువుకున్న మనిషే అయినా మంచిది.

సమ్మవ్వ బండి దగ్గరికి తిరిగొచ్చేసరికి రుత్విక్ ఫోనులో ఫొటో చూపించాడు. తర్వాత తల్లి మొహం చూశాడు.

“ఏందమ్మా, ఏడుస్తున్నవా? ఆమె మనకేమైతది?”

సమ్మవ్వ పిండి గిన్నె దగ్గరికి లాక్కుంది. అరచేతిలోకి ఉప్పు తీసుకుని, కాసేపు చూసి, పిండిలో వేసి కలిపింది.

“ముందుగాల నీ ఆర్డరు రానీ బిడ్డ,” అంది. “చెప్త.”